చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ రాతలు: షాపుకొచ్చే ఫోన్ల నుంచి మొదలుపెట్టండి

వైజాగ్‌లో కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకునే చిన్న వ్యాపారాల్లో చాలావాటిది ఒకటే వరస. డిజైన్ చేసే కుర్రాడు అన్నీ సిద్ధం చేసి "కంటెంట్ ఇవ్వండి సార్" అంటాడు. పని అక్కడ ఆగిపోతుంది. పది రోజులయ్యాక ఎవరో ఒకరు వేరే కంపెనీ సైటు చూసి నాలుగు వాక్యాలు దించేస్తారు: "మా సంస్థకు స్వాగతం. నాణ్యతే మా ఊపిరి. కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం." ఈ మాటలు ఏసీ మెకానిక్కుకీ అతుకుతాయి, కేటరింగ్‌కీ అతుకుతాయి, పళ్ల డాక్టరుకీ అతుకుతాయి. చదివినవాళ్లకు మాత్రం ఒక్క ముక్క కొత్తగా తెలియదు.

మీరు రోజూ ఫోన్లో చెప్పే జవాబులే వెబ్‌సైట్‌లో ఉండాల్సిన విషయం. వాటిని పట్టుకుని, వరస కుదిర్చి, పేజీల్లో పెట్టడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఒక ఊహా షాపును ఉదాహరణగా తీసుకుందాం: గాజువాకలో ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లతో నడిచే ఏసీ సర్వీస్ షాపు. మీది పచ్చళ్ల వ్యాపారమైనా, టైలరింగ్ అయినా, ట్రావెల్స్ అయినా పద్ధతి ఇదే.

మొదట ఫోన్ల చిట్టా

ఒక వారం పాటు కౌంటర్ మీద నోట్‌బుక్ పెట్టండి. వచ్చిన ప్రతి ఫోన్లో కస్టమర్ మొదట ఏమడిగారో, అడిగినట్టే రాయించండి. మాటలు సరిదిద్దొద్దు. "ఏసీలోంచి నీళ్లు కారతన్నాయండి." "గ్యాస్ ఎంతవుద్ది?" "కూర్మన్నపాలెం వస్తారేటండీ?" "మొన్నే సర్వీస్ చేయించాం, మళ్లీ చల్లబడట్లేదు." వాట్సాప్ చాట్లు వెనక్కి జరిపితే ఇంకా పాతవి కూడా దొరుకుతాయి. ఈ పని ఓనరు కంటే ఫోన్ ఎత్తే అమ్మాయో అబ్బాయో బాగా చేస్తారు. జనం ఏ మాట దగ్గర తడబడతారో, ఏ ధర విన్నాక ఫోన్ పెట్టేస్తారో వాళ్లకే తెలుసు.

వారం అయ్యేసరికి ప్రశ్నలు నాలుగైదు కుప్పలుగా పడతాయి. ఎంతవుతుంది, మా ఏరియాకి వస్తారా, ఎప్పుడొస్తారు, ఈ సమస్య ఎందుకొచ్చింది, మళ్లీ పాడైతే ఎవరిది బాధ్యత. పదే పదే వచ్చిన ప్రశ్న ఒక పేజీ అవుతుంది. అరుదుగా వచ్చింది ఆ పేజీలో ఒక వాక్యం అవుతుంది.

పక్కనే ఇంకో చిన్న చిట్టా రాయండి: మీరు చేయని పనులు. ఫ్రిజ్‌లు చూడరా? సెంట్రల్ ఏసీలు తీసుకోరా? అది సైటులో ఉండాలి. "అన్నీ చేస్తాం" అని రాసుకున్న షాపుకు సగం ఫోన్లు పనికిరానివే వస్తాయి.

పేజీల సంఖ్య గురించి పెద్దగా ఆలోచించకండి. హోమ్ పేజీ, ఒక్కో ముఖ్యమైన పనికి ఒక్కో పేజీ, మీ గురించి, ఎక్కడున్నారు. ఇవి చాలు. ఇరవై సర్వీసుల పేర్లు ఒకే పేజీలో వరసగా పేర్చడం మాత్రం వద్దు. "ఏసీ నీళ్లు కారుతోంది" అని వెతికిన మనిషి నేరుగా ఆ విషయం ఉన్న పేజీలోనే దిగాలి.

ఫోన్ తెర మీద మొదట కనిపించేది

మీ సైటుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. వేలితో జరపకముందు కనిపించే ఆ కాస్త జాగాలో నాలుగు సంగతులు తేలిపోవాలి: ఏం చేస్తారు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అందుకోవాలి. మన గాజువాక షాపుకైతే ఇలా రాయొచ్చు:

"గాజువాకలో ఏసీ రిపేర్, సర్వీస్. ఇటు కూర్మన్నపాలెం, అటు ఎన్ఏడీ దాకా ఇంటికే వస్తాం. ఉదయం 11 లోపు ఫోన్ చేస్తే ఆ రోజే మనిషిని పంపుతాం. ఆదివారం కూడా ఉంటాం."

అంతే. స్వాగతాలు, కదిలే బొమ్మలు, సూటు వేసుకుని చేతులు కలుపుకునే విదేశీయుల ఫోటోలు ఏవీ అక్కర్లేదు. కాకపోతే "ఆ రోజే" అని రాసే ముందు మే నెల గుర్తు చేసుకోండి. ఉక్కపోత పెరిగి ఫోన్లు ఆగకుండా మోగే రోజుల్లో ఆ మాట నిలబెట్టుకోలేకపోతే, అప్పుడు "ఎండాకాలంలో ఒకటి రెండు రోజులు పడుతుంది" అని మార్చండి. ముందే తెలిస్తే జనం ఆగుతారు. వస్తామని రాకపోతేనే ఒక్క స్టార్ ఇస్తారు.

"వైజాగ్ అంతటా సేవలు" అనే మాటతోనూ జాగ్రత్త. గాజువాక నుంచి భీమిలి దాదాపు 40 కిలోమీటర్లు. నిజంగా పంపుతారా? పంపితే అదనపు ఛార్జీ ఉందా? మీరు వెళ్లే చోట్ల పేర్లే రాయండి: పాత గాజువాక, కొత్త గాజువాక, షీలానగర్, కూర్మన్నపాలెం, గోపాలపట్నం. మన ఊళ్లో అడ్రస్ జంక్షన్ పేరుతోనే తెలుస్తుంది కాబట్టి షాపు చిరునామాలో డోర్ నంబరుతో పాటు ఏ జంక్షన్ నుంచి ఎటు తిరగాలో, ఎదురుగా ఏముందో, బండి ఎక్కడ ఆపుకోవాలో కూడా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సబ్బవరం, పరవాడ లాంటివి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. మీది అటువైపైతే చిరునామాలో ఇంకా పాత జిల్లా పేరే ఉందేమో చూసుకోండి.

బటన్ మీద "సంప్రదించండి" అని ఉంటే ఏం జరుగుతుందో తెలియదు. "ఫోన్ చేయండి", "ఏసీ ఫోటో వాట్సాప్‌లో పంపండి" అని రాస్తే తెలుస్తుంది. నొక్కగానే డయల్ అయ్యేలా నంబరుకు లింకు పెట్టించండి. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నాలు గానీ ఉండకూడదు. చాలా సైట్లలో ఈ లింకు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అసలు రాత: పని గురించి చెప్పే పేజీ

మీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టండి. ప్రతి పేజీ కస్టమర్ మాటతో మొదలవ్వాలి, మీ సర్వీస్ పేరుతో వద్దు. "డ్రెయినేజ్ లైన్ మెయింటెనెన్స్" అనేది మెకానిక్ మాట. ఇంట్లో గోడ తడిసిపోతున్న మనిషి అలా అనుకోరు. శీర్షిక "ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయా?" అని పెట్టి, కింద ఇలా రాయండి:

"ముందు ఏసీ ఆపేయండి. ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు బయటికి వెళ్లే పైపులో దుమ్ము, నాచు పేరుకుంటే నీళ్లు వెనక్కి తన్ని గదిలో కారతాయి. ఎక్కువసార్లు కారణం ఇదే. ఫిల్టర్ మురికి పట్టి గాలి ఆడకపోతే కాయిల్ మీద ఐసు కట్టి, అది కరిగి కూడా కారుతుంది. ఫిల్టర్ మీరే తీసి నీళ్లతో కడిగి, ఆరాక పెట్టి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఫోన్ చేయండి. పైపు శుభ్రం చేసి, యూనిట్ వాలు సరిగ్గా ఉందో లేదో చూస్తాం."

"ఫిల్టర్ మీరే కడుక్కోండి అని చెబితే మన పని పోదా?" అని కొందరు ఓనర్లు అడుగుతారు. ఒకటి రెండు విజిట్లు పోతాయి, నిజమే. కానీ ఆ మాట చెప్పినవాడిని జనం నమ్ముతారు. కంప్రెసర్ పోయినరోజు ఆ నంబరుకే ఫోన్ చేస్తారు.

నమ్మకం ఎక్కడ అవసరమో మీ చిట్టాలోనే కనబడుతుంది. ఏసీల విషయంలో అది గ్యాస్. "ప్రతి ఏడాదీ గ్యాస్ నింపాలంటున్నారు, నిజమేనా?" అని అడగని ఇల్లుండదు. జవాబు సూటిగా రాయండి: ఏసీలో గ్యాస్ మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంది, పెట్రోలులా ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు పట్టుకోకుండా నింపితే మళ్లీ పోతుంది. ఆ తర్వాత మీరు లీకు ఎలా చూస్తారో, దానికి విడిగా ఎంత తీసుకుంటారో చెప్పండి. ఈ ఒక్క పేజీ మీ "నాణ్యతే మా ఊపిరి" కంటే వంద రెట్లు పనిచేస్తుంది.

వేరే ఊరి కంపెనీ రాయలేని విషయం మీ దగ్గర ఒకటుంటుంది. వైజాగ్ ఏసీ షాపుకు అది సముద్రపు గాలి. లాసన్స్‌బే కాలనీలో, పెదవాల్తేరులో, రుషికొండలో బీచ్ వైపు ఉన్న ఇళ్లలో ఔట్‌డోర్ యూనిట్ స్టాండూ, స్క్రూలూ, కాయిల్ రేకులూ ఉప్పుగాలికి త్వరగా తుప్పుపట్టి పాడవుతాయి. ఔట్‌డోర్ యూనిట్‌ను ఎంత తరచుగా మంచినీళ్లతో కడిగించాలి, కొత్త ఏసీ కొనేటప్పుడు తుప్పు పట్టకుండా కోటింగ్ ఉన్న కాయిల్ ఎందుకు అడగాలి, యూనిట్ ఏ గోడకు బిగిస్తే నయం అనే మూడు సంగతులు మీ మెకానిక్‌ను కూర్చోబెట్టి అడిగి రాయండి. ఆయన చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని, వాయిస్ టైపింగ్‌తో అక్షరాల్లోకి మార్చుకుంటే సగం పని అయిపోతుంది. తప్పులు దిద్దుకోవాలి, అంతే.

మీ వ్యాపారంలోనూ ఇలాంటిది తప్పకుండా ఉంటుంది. గ్రిల్స్ చేసేవాళ్లకు ఇదే ఉప్పుగాలి. ఏటికొప్పాక బొమ్మలు అమ్మేవాళ్లయితే "అందమైన చేతి బొమ్మలు" అని వదిలేయకుండా అంకుడు కర్రతో చేస్తారనీ, లక్కలో సహజ రంగులు కలిపి పూస్తారనీ, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ రాయాలి. పిల్లలకు కొనే తల్లి అడిగే మొదటి ప్రశ్న "రంగు నోట్లో పెట్టుకుంటే ఏమైనా అవుతుందా" అని. ఆ జవాబు పేజీలో పైనే ఉండాలి, అదీ మీ తయారీదారును అడిగి తెలుసుకున్న నిజమై ఉండాలి. అరకు కాఫీ అమ్ముతుంటే గింజ ఏ రకం, ఎప్పుడు వేయించారు, ఫిల్టర్‌కి ఎంత మెత్తగా పట్టించాలి అన్నవి రాయండి. కొండలు, పొగమంచు వర్ణనలు అందరూ రాస్తున్నారు.

ధర దాచొద్దు

ఇది చాలామంది ఒప్పుకోరు. "పోటీవాళ్లు చూస్తారు", "పని చూడకుండా ఎలా చెబుతాం" అంటారు. పోటీవాళ్లకు మీ ధర ఎప్పుడో తెలుసు, కస్టమర్‌లా ఫోన్ చేసి కనుక్కునే ఉంటారు. ధర లేని పేజీ చూసిన మనిషి మాత్రం "ఎక్కువే ఉంటుంది" అనుకుని పక్క సైటుకు వెళ్లిపోతాడు.

కచ్చితంగా చెప్పలేని పనికి కూడా రాసే పద్ధతి ఉంది. మారని ధరలు నేరుగా వేయండి: విజిటింగ్ ఛార్జీ, మామూలు సర్వీస్, బిగింపు. మారేవాటికి "ఇంత నుంచి ఇంత వరకు" అని రాసి, దేన్ని బట్టి మారుతుందో చెప్పండి: ఏసీ ఎన్ని టన్నులు, గ్యాస్ ఏ రకం, మూడో అంతస్తు బయట గోడకు నిచ్చెన వేయాలా. పని చేయించుకుంటే విజిటింగ్ ఛార్జీ బిల్లులో తగ్గిస్తారా లేదా అన్నది తప్పకుండా ఉండాలి, ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే. జీఎస్‌టీ కలిపా, విడిగానా అన్నదీ అంతే. కింద "ఈ ధరలు ఫలానా నెల నాటివి" అని ఒక్క లైను వేయండి. ఆ లైను ఉంటే మీకు కూడా మార్చాలన్న ఆలోచన వస్తుంది.

కేటరింగ్ వాళ్లు ప్లేటు ధరతో పాటు కనీసం ఎంతమందికి ఒప్పుకుంటారో, వడ్డించే మనుషులు, పాత్రలు, రవాణా అందులోనే ఉన్నాయో లేదో రాస్తే సగం ఫోన్లు బేరాలు లేకుండా తేలిపోతాయి.

తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

మన ఊరికి రెండూ కావాలి. నేవీ, స్టీల్ ప్లాంట్, పోర్టు, మధురవాడ వైపు ఐటీ కంపెనీల వల్ల వేరే రాష్ట్రాల వాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అలాగే ఇంగ్లిష్ పేజీ కనిపించగానే మూసేసే పెద్దవాళ్లూ ఉన్నారు. ఒకే పేజీలో ఒక పేరా ఇది, ఒక పేరా అది కలపకుండా రెండు భాషలకు విడివిడి పేజీలు పెట్టించి, పైన మార్చుకునే బటన్ ఇవ్వండి. రెండూ రాసే ఓపిక లేకపోతే ఫోన్ల చిట్టా చూడండి. ఎక్కువ ఫోన్లు ఏ భాషలో వస్తే అది ముందు.

తెలుగు పేజీని మెషీన్ అనువాదంతో నింపొద్దు. "శీతలీకరణ యంత్ర మరమ్మత్తు" అని ఏ ఇంట్లో ఎవరన్నారు? ఏసీ, సర్వీస్, గ్యాస్, ఔట్‌డోర్ యూనిట్ అనే రాయండి. క్రియలు మాత్రం తెలుగులో హాయిగా ఉండాలి: "బిగిస్తాం", "కడుగుతాం", "వచ్చి చూస్తాం". "సేవలు అందించబడును" లాంటివి నోటీసు బోర్డుకు వదిలేయండి.

ఏఐ టూల్స్‌తో రాయించుకోవచ్చా అంటే, రాయించుకోండి. ఉత్తగా "ఏసీ షాపుకు కంటెంట్ రాయి" అంటే మాత్రం మళ్లీ ఆ స్వాగతం, ధ్యేయాలే వస్తాయి. మీ చిట్టా, ధరలు, ఏరియా పేర్లు ఇచ్చి వరస కుదర్చమనండి. వచ్చిన ప్రతి అంకెనూ, ప్రతి హామీనీ మీరే సరిచూడండి, మీరు ఇవ్వని గ్యారంటీలు కూడా అది ఉదారంగా రాసేస్తుంది.

టైపింగ్‌లో ఒక ఉచ్చు ఉంది. డీటీపీ సెంటర్లో పాంప్లెట్ కోసం అను ఫాంట్లలో (అచ్చు పనికి వాడే పాత రకం తెలుగు ఫాంట్లు) కొట్టించిన మ్యాటర్‌ను తెచ్చి సైటులో అతికిస్తే అర్థంలేని గుర్తుల వరస వస్తుంది. వెబ్‌కు యూనికోడ్ తెలుగే కావాలి, అంటే ఏ ఫోన్‌లోనైనా ఒకేలా కనిపించే తెలుగు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు అక్కడక్కడ చెదురుతాయి, మార్చాక ఒకసారి చదవాలి. పాంప్లెట్‌ను బొమ్మగా పెట్టేయడం ఇంకా తప్పు. ఫోన్‌లో చదవడం కష్టం, వెతికినా సరిగా దొరకదు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఖాళీ పెట్టమని డిజైనర్‌కు చెప్పండి.

గూగుల్‌లో కనబడటానికి

గూగుల్ ఫలితాల్లో కనిపించే శీర్షిక ప్రతి పేజీకీ వేరేగా ఉండాలి, అందులో పని, ఏరియా ముందుండాలి, షాపు పేరు చివర. "హోమ్" అని ఉంటే వృథా. శీర్షిక పొడవు ఎక్కువైతే గూగుల్ చివర కత్తిరిస్తుంది, అందుకే ముఖ్యమైన మాట మొదట్లో. శీర్షిక కింద వచ్చే రెండు లైన్ల వివరణ కూడా మీరే రాయండి. గూగుల్ ఒక్కోసారి దాన్ని వదిలేసి పేజీలోంచి వేరే వాక్యం తీసుకుంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

జనం విశాఖపట్నం, విశాఖ, వైజాగ్ అని మూడు రకాలుగానూ వెతుకుతారు. వాక్యాల్లో సహజంగా వచ్చినచోట మూడూ వాడండి. పేజీ అడుగున "ఏసీ రిపేర్ వైజాగ్ ఏసీ సర్వీస్ విశాఖ" అని ముప్పై సార్లు పేర్చడం గూగుల్ లెక్కలో స్పామ్. ఎవరైనా "మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనబడకుండా పెట్టే వెతుకుడు మాటలు) వేస్తాం" అని డబ్బులు అడిగితే ఇవ్వకండి. ర్యాంకింగ్‌కు వాటిని చూడబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. అందులో, సైటులో, బోర్డు మీద షాపు పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఒకేలా ఉండాలి. పండగ సెలవులు కూడా అక్కడ మార్చండి. కనుమ నాడు వచ్చి మూసిన షట్టర్ చూసినవాళ్లు మళ్లీ రారు.

మీరెవరో చూపించండి

"మా గురించి" పేజీలో స్థాపకుల ఆశయాలు ఎవరూ చదవరు. ఇంటికి ఎవరొస్తారో చూడాలనుకుంటారు. మెకానిక్‌ల ఫోటోలు, ఎన్నేళ్లుగా పని చేస్తున్నారో, యూనిఫాం గానీ ఐడీ కార్డు గానీ ఉంటే ఆ సంగతి. ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ ఇది చాలా పెద్ద విషయం.

ఫోటోలు మీ పనివే పెట్టండి. ఫోన్‌తో తీసినవి చాలు, ఎక్కించే ముందు సైజు తగ్గించండి, లేకపోతే సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట పేజీ తెరుచుకోదు. కస్టమర్ ఇల్లు కనబడితే వాళ్లను అడిగాకే పెట్టండి. రివ్యూలు మీరే రాసుకోవద్దు, బంధువులతో రాయించొద్దు. అన్నీ ఒకే వారంలో, ఒకే ధోరణిలో ఉంటే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో బీఐఎస్ (ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ) ఒక ప్రమాణం కూడా తెచ్చింది.

తినే వస్తువులు అమ్మేవాళ్లు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు సైటులో వేయండి. ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే ఎంఆర్‌పీ, నికర బరువు, తయారీదారు పేరు, చిరునామా పేజీలో కనబడాలి. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవాలంటే పేమెంట్ గేట్‌వే (సైటులో చెల్లింపులు నడిపే కంపెనీ) వాళ్లు రిఫండ్, డెలివరీ, ప్రైవసీ, నిబంధనల పేజీలు అడుగుతారు. వేరే సైటు నుంచి దించి ఇవ్వొద్దు, అందులో ముప్పై రోజుల రిఫండ్ అని ఉంటే మీ ఆవకాయ సీసాకీ అది వర్తిస్తుందని కస్టమర్ వాదిస్తాడు.

బయటికి వదిలే ముందు, వదిలాక

మొత్తం పైకి చదవండి. ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ వాక్యం విరగ్గొట్టండి. తర్వాత మీ వ్యాపారం గురించి తెలియని ఒకరికి ఫోన్ ఇచ్చి మూడు ప్రశ్నలు వేయండి: సర్వీస్‌కి ఎంత, మా ఏరియాకి వస్తారా, ఇప్పుడు ఫోన్ చేయాలంటే ఎక్కడ నొక్కాలి. పక్కన నిలబడి సాయం చేయొద్దు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడే మీరు మళ్లీ రాయాలి.

సైటు మొదలయ్యాక గూగుల్ సెర్చ్ కన్సోల్ పెట్టించుకోండి, ఉచితమే. ఏ మాటలు వెతికి జనం మీ సైటును చూశారో అందులో కనిపిస్తుంది. కొన్ని వారాలయ్యాక చూస్తే మీరు అనుకోని మాటలు ఉంటాయి. ఉదాహరణకు "ఏసీ సౌండ్ వస్తోంది" అని వెతుకుతున్నారు, మీ దగ్గర ఆ పేజీ లేదు. అదే తర్వాత రాయాల్సింది. ఏసీ షాపుకైతే ఫిబ్రవరిలో ధరలు, సమయాలు సరిచేసుకోవాలి, మార్చి చివరికి తీరిక ఉండదు.

డొమైన్ పేరు, అంటే సైటు అడ్రస్, మీ ఈమెయిల్ మీద, మీ పేరున ఉందో లేదో కూడా ఈ దశలోనే చూసుకోండి. చాలాచోట్ల అది డిజైన్ చేసిన కుర్రాడి అకౌంట్‌లో ఉంటుంది. అతను ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోతే రెన్యువల్ మెయిల్ అతనికే పోతుంది. లాగిన్, పాస్‌వర్డ్, రెన్యువల్ తేదీ మీ బిల్లు పుస్తకంలో రాసి పెట్టుకున్నాకే అతనికి మిగిలిన డబ్బు ఇవ్వండి.